సిమ్ కంపెనీ యాప్ వేసుకునే ముందు ఇవి చూస్కోండి

విజయవాడ బీసెంట్ రోడ్డులోనో గుంటూరు బ్రాడీపేటలోనో కొత్త సిమ్ తీస్కుంటే షాపబ్బాయే మన ఫోన్ లాక్కుని యాప్ వేసేసి అడిగినవన్నీ అలో కొట్టేస్తాడు, అక్కడే ఆపండి, ఫోన్ మీ చేతిలోనే ఉండాలి.

అసలు యాప్ అవసరమా? రీఛార్జే అయితే ఫోన్‌పేలోనో కంపెనీ వెబ్‌సైట్‌లోనో అయిపోద్ది.

వేసుకోవాల్సిందే అంటే ప్లే స్టోర్‌లోంచే వేస్కోండి, వాట్సాప్‌లో వచ్చిన లింక్ వద్దు.

ఎస్ఎంఎస్ పర్మిషన్ దగ్గర చాలా జాగ్రత్త. అది ఇస్తే బ్యాంకు ఓటీపీలతో సహా మెసేజ్‌లన్నీ చదవగలదు, ఓటీపీ కోసమే అంటారు గానీ తన ఒక్క ఓటీపీ తీస్కోడానికి ఆండ్రాయిడ్‌లో వేరే పద్ధతి ఉంది, ఆ పర్మిషన్ అక్కర్లేదు, ఏదీ కుదరకపోతే మనమే టైప్ చేస్తాం, ఆరంకెలేగా.

కాంటాక్ట్స్, కాల్ లాగ్, మైక్ వద్దనండి. కాంటాక్ట్స్‌లో ఉన్నది మన ఒక్కళ్ళ డేటా కాదు, అమ్మ నంబరు, పిల్లల టీచర్ నంబరు కూడా, వాళ్ళనెవరూ అడగలేదు కదా.

లొకేషన్ కూడా అంతే. మనం ఏ టవర్ కింద ఉన్నామో నెట్‌వర్క్‌కి ఎలాగూ తెలుసు, ఇంకా జీపీఎస్ ఎందుకండీ? దగ్గర్లో స్టోర్ వెతకాలంటే "ఈసారికి మాత్రమే" అని ఇవ్వండి, ఆండ్రాయిడ్ 11 నుంచి ఆ ఆప్షన్ ఉంది.

యాక్సెసిబిలిటీ, అంటే స్క్రీన్ మీద ఉన్నదంతా చదివి మన బదులు నొక్కగలిగే పర్మిషన్, అడిగితే మాత్రం అస్సలు ఇవ్వొద్దు, ఆ యాప్‌నే వెంటనే తీసేయండి.

2023 డేటా రక్షణ చట్టం కూడా చెప్పిన పనికి అవసరమైనంత డేటాకే ఒప్పుకోలు చెల్లుద్దంటోంది, కాబట్టి వద్దనడానికి మొహమాటపడకండి.

ఫోన్‌తోనే వచ్చిన యాప్ డిలీట్ అవ్వకపోతే, సెట్టింగ్స్‌లో డిసేబుల్ ఉంటే కొట్టండి.