ఆడవే అనుకున్న ఎలుకల్లో ఒకటి కడుపుతో ఉంటే

అనంతపురం అంగడిలో ‘రెండూ ఆడవే’ అని అంటగట్టిన తెల్లెలుకల్లో ఒకదాని పొట్ట ఉబ్బిందా? ముందు తోక కింద చూడండి. మూత్రద్వారానికీ మలద్వారానికీ మధ్య ఎడం మగదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది. మగదాన్ని ఈరోజే వేరే బోనులో పెట్టండి. ఎందుకంటే పిల్లలు పెట్టిన 24 గంటల్లోపే తల్లి మళ్లీ ఎదకొస్తుంది.

చిట్టెలుక (మౌస్) 19–21 రోజులు మోస్తుంది, పెద్ద ఎలుక జాతి (ర్యాట్) 21–23. అయితే పిల్లలకు పాలిస్తూ మళ్లీ చూలు కట్టినదైతే వారం పైగా ఆలస్యం కావచ్చు, కాబట్టి గడువు దాటిందని నిశ్చింత పడొద్దు.

గూటికి చించిన టిష్యూ కాగితం చాలు. దూది వద్దు, పోగులు పిల్లల కాళ్లకు చుట్టుకుంటాయి. బోనులో పరిచేందుకు వేరుశనగ పొట్టు మన దగ్గర చవకే గానీ బూజు పట్టిందైతే విషమే. రోజూ చిన్న ముక్క ఉడికిన గుడ్డు, ఎప్పుడూ నీళ్లు ఉండాలి. మే నెల ఎండలకు రేకుల షెడ్డులో మాత్రం ఉంచకండి.

తొలి నాలుగైదు రోజులు గూడు కెలకొద్దు. బెదిరిన తల్లి పిల్లల్ని తినేయొచ్చు.

చాలామంది తప్పేది ఇక్కడే: చిట్టెలుక మగపిల్లల్ని 4 వారాలకు, పెద్ద ఎలుకవైతే 5 వారాలు నిండకముందే వేరు చేయాలి. వాటికి తల్లీ చెల్లీ వావి లేదు.