ఇంజన్ పని నేర్చుకుందాం – 6వ పాఠం: పిస్టన్ కొలత

గత పాఠంలో హెడ్ విప్పి వాల్వులు చూశాం. ఇప్పుడు సిలిండర్ బ్లాక్ పైకి తీయాలి. బ్లాక్ కాస్త లేవగానే క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది గూడు) నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ పక్కనుండే సర్‌క్లిప్ (పిన్ జారకుండా ఆపే చిన్న తీగ క్లిప్పు) జారి లోపల పడితే గంట పని కాస్తా పూర్తి ఇంజన్ పని అవుతుంది.

సిలిండర్‌లో కిందికీ పైకీ ఆడుతూ, మండిన గ్యాస్ తోసిన తోపును కనెక్టింగ్ రాడ్‌కి అందించేది పిస్టన్. డిస్క్ బ్రేక్ కాలిపర్‌లో ప్యాడ్‌ని నెట్టేదీ పిస్టనే. అక్కడ తోసేది బ్రేక్ ఆయిల్. అందుకే చెన్నై జీపీ రోడ్డు విడిభాగాల కొట్లలో సరుకు అడిగేటప్పుడు తేడా తెలిసి అడగాలి. పిస్టన్ కిట్ అంటే పిస్టన్, రింగులు, పిన్, సర్‌క్లిప్పులు. బ్లాక్ కిట్ అంటే వీటితోపాటు సిలిండర్ కూడా. బండి తెచ్చినవాళ్లు ‘పిస్టన్ పోయింది’ అంటారు గానీ, చాలాసార్లు అరిగేవి రింగులు, బోరు (సిలిండర్ లోపలి గుండ్రటి రంధ్రం). ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి) మళ్లీ చూడండి. పెరిగితే తప్పు రింగుల దగ్గరో బోరు దగ్గరో ఉంది, పెరగకపోతే వాల్వులను అనుమానించండి.

ఇక అసలు సంగతి. పిస్టన్ గుండ్రంగా ఉండదు. పిన్ ఉన్న వైపు లోహం ఎక్కువ కాబట్టి వేడికి ఆ దిశలో ఎక్కువ ఉబ్బుతుంది. అందుకని తయారీలోనే అటు కాస్త తగ్గించి కోడిగుడ్డు ఆకారానికి తెస్తారు. పైభాగం మంటకు దగ్గర గనుక అక్కడ ఇంకా సన్నం. కాబట్టి ఎక్కడ పడితే అక్కడ కొలిస్తే అంకె అబద్ధమే. పిన్‌కి అడ్డంగా, 90 డిగ్రీల్లో, స్కర్ట్ (రింగుల కిందుండే పిస్టన్ గోడ) కింది అంచుకు సుమారు 10 మి.మీ. పైన మైక్రోమీటర్ పెట్టాలి.

స్ప్లెండర్ 97.2 సీసీ ఇంజన్‌నే తీసుకుందాం. బోరు 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ ఆడే దూరం) 49.5. మామూలు సైజు పిస్టన్ 50కి కాస్త తక్కువే ఉంటుంది, 25 నుంచి 50 మి.మీ. దాకా కొలిచే మైక్రోమీటర్ సరిపోతుంది. 0.25 ఓవర్‌సైజు (అరిగిన బోరును పెద్దది చేసి వేసే, 0.25 మి.మీ. పెద్ద పిస్టన్) వేశాక అదే మైక్రోమీటర్ పట్టదు, 50–75ది కావాలి.

బోరును బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద, ఒక్కోచోట రెండు దిక్కుల్లో, మొత్తం ఆరుసార్లు కొలవండి. పై రింగు ఆగే చోటే అరుగుదల ఎక్కువ. వచ్చిన వాటిలో పెద్ద అంకెలోంచి పిస్టన్ కొలత తీసేయండి. బోరు 50.11, పిస్టన్ 49.95 అయితే సందు 0.16. అది చాలా ఎక్కువ, కొత్తదానిలో 0.03 దరిదాపుల్లో ఉండాలి. కచ్చితమైన హద్దు ఆ మోడల్ మాన్యువల్లోనే చూడండి.

సందు ఎక్కువై బోరు పెద్దది చేయించడానికి బ్లాక్‌ని లేత్‌కి పంపితే కొత్త పిస్టన్ కూడా పంపండి. ఓవర్‌సైజు పిస్టన్‌ని కొలిచి దానికి తగ్గట్టు బోరు తీయాలి, డబ్బా మీది అంకెను నమ్మి కాదు. నికెల్ పూత పూసిన అల్యూమినియం సిలిండర్‌ని మాత్రం ఇలా బోరు చేయకూడదు. హోనింగ్ (బోరు గోడను రాయితో రుద్ది సన్నని గాట్లు పెట్టడం) అయ్యాక వేడి సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. గాట్లలో ఇరుక్కున్న రాతిపొడిని పెట్రోలు పూర్తిగా తీయదు, ఆ పొడే కొత్త రింగులను వారాల్లో తినేస్తుంది. కడిగిన వెంటనే ఆయిల్ రాయకపోతే మద్రాసు ఉప్పుగాలికి ఇనుప బోరు తుప్పు పట్టడం ఖాయం.

రింగు సందు చూడడానికి రింగొక్కటే బోరులో పెట్టి, పిస్టన్ తలతో 20 మి.మీ. లోపలికి నెట్టండి, అప్పుడు అది వంకర లేకుండా కూర్చుంటుంది. కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) 0.10 నుంచి 0.25 మి.మీ. దాకా పోతే మంచిదే. అంతకన్నా ఇరుకైతే వేడికి కొసలు గుద్దుకుని గోడను గీకుతాయి.

వచ్చే పాఠం లోపు పుదుపేట పాత సామాన్ల కొట్లో ఒక అరిగిన పిస్టన్ తెచ్చుకోండి. తల దగ్గర, పిన్ దిక్కున, పిన్‌కి అడ్డంగా, మూడుచోట్లా కొలిచి అంకెలు రాసుకోండి. రింగులు ఎక్కించి పిస్టన్ బిగించడం వచ్చే పాఠంలో.