ఇంటికి డ్రయ్యరు ఎంపిక – 4వ పాఠం: పదేళ్ల వారంటీ దేనికి?

మూడో పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. ఒక విడత బట్టలు పొడిగా ఉన్నప్పుడు తూచండి, ఉతికి పిండాక మళ్లీ తూచండి, తేడా రాసి పంపండి అని. ఇందులో తడబడడానికి ఏముందిలే అనుకున్నాను. వచ్చిన ఉత్తరాలు చదివాక, తడబడింది నేనేనని అర్థమైంది. కాబట్టి ఈ పాఠంలో కొంత భాగం పాత పాఠానికి మరమ్మతు.

కాకినాడ నుంచి ఒకావిడ 4 కిలోల బట్టల్లో 9 లీటర్ల నీళ్లు మిగిలాయని రాశారు. బకెట్‌తో సహా తూచారట. అడుగున కారిన నీళ్లు కూడా ఆ లెక్కలోకే వచ్చాయి. బకెట్ బరువు తీసేయమని నేను చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు. ఇక పదిమందికి పైగా అడిగిన ప్రశ్న ఇంకొకటి ఉంది: "మా ఇంట్లో డ్రయ్యరు ఇప్పటికే ఉందండీ, అందులో వేసి తీశాకే తూచాను, అయినా తడిగానే ఉన్నాయి. చెడిపోయిందంటారా?"

చెడిపోలేదు. సెమీ ఆటోమేటిక్ యంత్రంలో ఒక పక్క ఉతికే తొట్టి, మరో పక్క గిర్రున తిప్పి పిండే తొట్టి ఉంటాయి. ఈ రెండోదాన్ని మన ఇళ్లలో ఏళ్ల తరబడి డ్రయ్యరు అనే పిలుస్తున్నాం. దుకాణంలోనూ అదే పేరు. అందులో వేడి ఉండదు. పై మూత యంత్రాల మీద "ఎయిర్ డ్రై" అని కనిపించేదీ అలాంటిదే, డ్రమ్ము తిరుగుతూ బయటి గాలిని కాస్త లోపలికి లాగుతుంది, అంతే. మనం కొనబోయేది వేడి గాలితో నీటిని ఆవిరి చేసి, బట్టను బీరువాలో పెట్టేంత పొడిగా చేతికిచ్చే యంత్రం. ఇకనుంచి పాతదాన్ని పిండే తొట్టి అంటాను, దీన్ని మాత్రమే డ్రయ్యరు అంటాను.

తూచే పద్ధతి మళ్లీ చెబుతాను. ప్రయాణాలకు సూట్‌కేసు తూచే కొక్కెం కాటా ఉంటే చాలు. పొడి బట్టలను ఒక పాత దుప్పట్లో మూటగట్టి కొక్కేనికి తగిలించండి. ఉతికి పిండాక అవే బట్టలను ఒక పెద్ద ప్లాస్టిక్ సంచిలో వేసి తూచండి. దుప్పటి బరువు, సంచి బరువు తీసేయండి. సరిగ్గా చేసినవారి లెక్కలు రెండు చూపిస్తాను. పిండే తొట్టి ఉన్న ఒక ఇంట్లో 4 కిలోల బట్టలు 6.8 కిలోలయ్యాయి, అంటే నీళ్లు 2.8 లీటర్లు. ముందు తలుపు యంత్రంలో నిమిషానికి 1,200 చుట్లు పెట్టిన మరో ఇంట్లో అవే 4 కిలోలు 6.2 అయ్యాయి. నీళ్లు 2.2 లీటర్లు.

ఆ 600 గ్రాముల తేడా కోసమే మీ చేత ఇంత శ్రమ చేయించాను. లీటరు నీటిని ఆవిరి చేయడానికి ఎంత తెలివైన హీటరుకైనా దాదాపు 0.65 యూనిట్ల వేడి కావాలి. అది ప్రకృతి నియమం, బేరం కుదరదు. వృథా కూడా కలిపితే హీటరు డ్రయ్యరు లీటరుకు ఇంచుమించు ఒక యూనిట్ తింటుంది. హీట్ పంపు రకం ఆ వేడినే మళ్లీ మళ్లీ తిప్పి వాడుకుంటుంది కనుక అందులో సగానికి తక్కువతో సరిపెడుతుంది. కానీ యంత్రం ఏదైనా, పిండేటప్పుడే పోయిన నీళ్లకు ఖర్చు దాదాపు లేనట్టే. చవగ్గా పిండి మిగిలినది మాత్రమే ఆవిరి చేయాలి. చేతితో పిండిన తువ్వాళ్లను డ్రయ్యరులో వేస్తామని రాసినవారు ముందు పిండే యంత్రం సంగతి చూసుకోండి.

ప్లగ్గు, తీగల గురించి రెండో పాఠంలో చెప్పాను, మళ్లీ చెప్పను. గీజరు లైనుకే డ్రయ్యరు తగిలిద్దామనుకుంటున్న ఇద్దరికి మాత్రం ఒక్క మాట: 2,000 వాట్ల గీజరు, 2,500 వాట్ల డ్రయ్యరు కలిపితే 230 వోల్టుల దగ్గర దాదాపు 20 ఆంపియర్లు. సాకెట్టు 16 ఆంపియర్లది. వద్దు.

ఇప్పుడు అసలు పాఠం, నమ్మకం.

దుకాణంలోకి వెళ్లగానే తలుపు మీద గుండ్రంగా, మెరుస్తూ ఒక స్టిక్కరు కనిపిస్తుంది: "10 సంవత్సరాల వారంటీ". అమ్మే అబ్బాయి మొదట చూపించేదీ అదే. దాన్ని చూసి యంత్రం కొన్నవారి ఉత్తరాలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఈ ఒక్క స్టిక్కరు గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

వంగి, ఆ అంకె కింద ఉన్న చిన్న అక్షరాలు చదవండి. "మోటారుకు" అనో "కంప్రెసరుకు" అనో ఉంటుంది. పదేళ్లు దానికి మాత్రమే. మొత్తం యంత్రానికి ఇచ్చేది సాధారణంగా ఏడాదో రెండేళ్లో, మహా అయితే ఇంకొంత. మరి మోటారుకే పదేళ్లు ఎందుకిస్తారు? అది ఎలాగూ చెడదు కనుక. డ్రయ్యరు మోటారు డ్రమ్మును మెల్లగా, దాదాపు ఒకే వేగంతో తిప్పుతుంది. ఉతికే యంత్రంలోలా నిమిషానికి వెయ్యి చుట్లు తిప్పాల్సిన కష్టం దానికి లేదు. బండి చక్రానికి పదేళ్ల హామీ ఇచ్చి, ఆ చక్రం ఊడకుండా పట్టి ఉంచే సీలకు ఏడాది ఇచ్చినట్టుంటుంది ఈ వ్యవహారం.

డ్రయ్యరులో ఆ సీల ఎక్కడుందో చూద్దాం. డ్రమ్ము చుట్టూ ఒక సన్నని, చదునైన రబ్బరు బెల్టు ఉంటుంది. మోటారు దాన్ని లాగితే డ్రమ్ము తిరుగుతుంది. ఆ బెల్టు వదులు కాకుండా ఒక చిన్న కప్పీ నొక్కి పట్టి ఉంచుతుంది. ముందు అరిగేవి ఇవే. కప్పీ అరిగితే కీచుమంటుంది, బెల్టు తెగితే మోటారు ఝుమ్మంటుంది కానీ డ్రమ్ము కదలదు. తర్వాత పంపు. కండెన్సర్ (ఆవిరిని లోపలే చల్లార్చి నీరు చేసేది), హీట్ పంపు రకాల్లో బట్టల నుంచి వచ్చిన నీటిని అడుగు నుంచి పై ట్యాంకుకు ఎక్కించేది అదే. అందులో నూగు, అంటే బట్ట ఆరేటప్పుడు రాలే సన్నని పీచు చేరితే, ట్యాంకు ఖాళీగా ఉన్నా "ట్యాంకు నిండింది" అని దీపం వెలుగుతుంది. ఆ తర్వాత తలుపు గడియ, దాని స్విచ్చు. చివరికి కంట్రోల్ బోర్డు, అది మన వోల్టేజీ ఎగుడుదిగుళ్లకు బలి అయ్యే సరుకు. వీటిలో ఏదీ పదేళ్ల స్టిక్కరు కిందికి రాదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలను మొదటి ఏడాది కూడా వారంటీలోంచి మినహాయించిన కాగితాలు నేను చూశాను. పదేళ్ల భాగమే చెడినా చాలాచోట్ల ఉచితం ఆ భాగం వరకే. మెకానిక్ రాకకు, బిగించినందుకు, గ్యాసు నింపినందుకు చార్జీ వేరు.

నా సంగతే చెబుతాను. మా ఇంటి రెండో డ్రయ్యరు నాలుగో ఏట ఒక వానాకాలం రాత్రి ఆగిపోయింది. వెనక పలక విప్పి చూస్తే బెల్టు రెండు ముక్కలై, నల్లటి పాములా అడుగున పడి ఉంది. చూపుడు వేలంత వెడల్పు కూడా లేదు. ఖరీదు కొన్ని వందల రూపాయలు. అది మా ఊరు చేరడానికి 40 రోజులు పట్టింది, ఎందుకంటే ఆ నమూనా బయటి నుంచి తెచ్చి అమ్మినది, విడి భాగాలు ఈ చుట్టుపక్కల ఎక్కడా నిల్వ లేవు. విశాఖలో శ్రావణ మాసం అంతా ఇంట్లో అడ్డంగా కట్టిన తాళ్లకిందే తిరిగాం. ఆ 40 రోజులూ మోటారు నిక్షేపంలా ఉంది. దానికింకా ఆరేళ్ల వారంటీ కూడా ఉంది!

అందుచేత దుకాణంలో స్టిక్కరు వదిలేసి, నమూనా నంబరు రాసుకోండి. మీ ఊళ్లో ఆ సంస్థ సర్వీసు కేంద్రానికి ఫోను చేసి, "ఈ నమూనాకు బెల్టు ఎంత, పంపు ఎంత, తలుపు గడియ ఎంత, ఎన్ని రోజుల్లో వస్తాయి" అని అడగండి. ధర తడుముకోకుండా చెప్పారంటే ఆ భాగం వాళ్లు తరచూ మారుస్తున్నారని అర్థం. అది చెడ్డ లక్షణం అని భయపడకండి, నాకైతే అది మంచి లక్షణమే. "రాసి పంపిస్తే కనుక్కుంటాం" అన్నారంటే ఫోను పెట్టేసి ఇంకో నమూనా చూడండి. హీట్ పంపు రకమైతే ఇంకొకటి కూడా అడగాలి. కొత్త నమూనాలు చాలావాటిలో ఆర్290 గ్యాసు, అంటే ప్రొపేన్ వాడుతున్నారు. అది మండే గ్యాసు. దాన్ని నింపడం తెలిసిన మెకానిక్ ఉన్నాడో లేడో ముందే తేల్చుకోండి.

నూగు సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. దాన్ని పట్టే జల్లెడను ప్రతి విడతకీ దులపాలని మీకు తెలుసు. దులిపినా కొంత లోపలికి వెళుతుంది. బ్రిటన్‌లో హాట్‌పాయింట్, ఇండెసిట్, క్రెడా వంటి పేర్లతో 2004 ఏప్రిల్ నుంచి 2015 సెప్టెంబరు వరకు తయారైన కొన్ని డ్రయ్యర్లలో నూగు హీటరుకు తగిలి నిప్పంటుకునే లోపం బయటపడింది. ఆ పేర్లన్నీ అప్పటికి వర్ల్‌పూల్ సంస్థ చేతిలో ఉన్నాయి. 2016 ఆగస్టులో లండన్‌లోని షెపర్డ్స్ బుష్‌లో ఒక బహుళ అంతస్తుల భవనంలో మంటలు లేచింది అలాంటి యంత్రం వల్లే. చివరికి 2019లో వాటిని వెనక్కి పిలిపించారు. అవన్నీ ఇంటింటా తెలిసిన పేర్లే. పేరున్న సంస్థదే కొంటాం, మాకింక పాఠాలెందుకు అన్నవారికి ఇదే జవాబు. జల్లెడను చేత్తో తీసి మళ్లీ పెట్టి చూడండి. అంచుల దగ్గర సందు కనిపిస్తే, అది ఎవరి యంత్రమైనా సరే, వద్దు.

ఇదే భయంతో ఇంకొకటి చెప్పాలి. తలంటుకు వాడిన నూనె తువ్వాళ్లను, వంటింటి జిడ్డు గుడ్డలను డ్రయ్యరులో వేయకూడదు. ఉతికినా నూనె కొంత మిగులుతుంది. ఆ వేడికి నూనె గాలితో కలిసి తనంతట తానే ఇంకా వేడెక్కుతుంది. మూటగా అలాగే వదిలేస్తే ఆ వేడి పెరిగి పెరిగి రాజుకోవచ్చు. దీపావళి నాటి తువ్వాళ్లు తాడు మీదే ఆరనివ్వండి. పట్టు, జరీ అసలు వేయొద్దని వేరే చెప్పాలా?

తేమను కనిపెట్టే సెన్సారు ఉన్నదే కొనండి, టైమరు మాత్రమే ఉన్నది వద్దు. డ్రమ్ము లోపల, తలుపు దగ్గర రెండు లోహపు పట్టీలు కనిపిస్తాయి. తడి బట్ట వాటిని తాకితే సన్నని విద్యుత్తు ప్రవహిస్తుంది, బట్ట ఆరేకొద్దీ ఆ ప్రవాహం తగ్గిపోతుంది, యంత్రం ఆగుతుంది. బోరు నీళ్ల ఇళ్లలో ఆ పట్టీల మీద తెల్లటి పొర కట్టి, తడి బట్టనే పొడి అని మోసపోతుంది. నెలకోసారి వెనిగరులో తడిపిన గుడ్డతో తుడవండి. గంజి పెట్టిన చీరలు వేసినా ఇదే గతి.

నా మొగ్గు మీకు ఇప్పటికే తెలిసే ఉంటుంది. ఏడాది పొడవునా వాడేవారికి హీట్ పంపు, 7 లేదా 8 కిలోలది, కండెన్సర్‌ను చేత్తో బయటికి తీసి కడగగలిగేది. తనను తాను కడుక్కునే కండెన్సర్ అని గొప్పగా చెబుతారు, నాకది నచ్చదు. నూగు చేరిందో లేదో నా కళ్లతో చూడలేని చోటును నేను నమ్మను. వైఫై కోసం రూపాయి ఎక్కువ ఇవ్వను. ఐరోపా సమాఖ్యలో 2025 జులై 1 నుంచి వచ్చిన నిబంధనలకు కొత్తగా అమ్మే యంత్రాల్లో హీట్ పంపు రకమే నిలబడుతోంది. కాబట్టి జర్మనీలోనో ఐర్లాండ్‌లోనో ఉన్న మనవాళ్లకు ఈ తర్జనభర్జన లేదు.

అయితే వానాకాలం మూడు నెలలకే డ్రయ్యరు కావాలనుకునే ఇంటికి, బయటి గోడ దగ్గర చోటుంటే, గొట్టంతో ఆవిరిని బయటికి తోసే పాత రకమే మేలంటాను. భాగాలు తక్కువ, ఏ మెకానిక్‌కైనా తెలుసు, ధరా తక్కువ. గొట్టం బయటికి వెళ్లాలి, అదొక్కటే షరతు. మా మొదటి డ్రయ్యరుకు గొట్టం పెట్టకుండా ఒక గదిలో తలుపేసి వాడాను. రోజుకు రెండున్నర లీటర్ల నీళ్లు ఆవిరై ఆ గదిలోనే ఉండిపోయాయి. మూడో నెలకు గోడ మీద నల్లటి బూజు, పక్కనున్న ప్లైవుడ్ బీరువా తలుపులు ఉబ్బి మూసుకోలేదు. ఆ బీరువా ఇప్పటికీ మూసుకోదు.

ఉతికి ఆరబెట్టే జంట యంత్రం గురించి ముగ్గురు అడిగారు. సాధారణంగా 8 కిలోలు ఉతికేది 5 కిలోలే ఆరబెడుతుంది, మిగతా 3 కిలోలు తడిగా బయటికి తీయాలి. పైగా కొన్ని నమూనాలు ఆవిరిని చల్లార్చడానికి కూడా కుళాయి నీళ్లే వాడతాయి. ట్యాంకరు నీళ్లు కొనుక్కునే హైదరాబాద్ అపార్టుమెంట్‌లో అది ఎంత విడ్డూరమో ఆలోచించండి.

అభ్యాసం: ఈసారి కష్టమైనదే. వరుసగా ఏడు రోజులు, ప్రతి విడత బట్టలను పొడిగా ఒకసారి, పిండాక ఒకసారి తూచి, తేదీ వేసి రాయండి. బకెట్ వద్దు. ఏడు రోజుల నీళ్లు కూడి, హీటరు రకానికి లీటరుకు ఒక యూనిట్ చొప్పున ఒక లెక్క, హీట్ పంపుకు 0.4 యూనిట్ చొప్పున ఇంకో లెక్క వేయండి. రెండింటి తేడాను మీ కరెంటు బిల్లులో చివరి స్లాబు రేటుతో గుణించండి. అప్పుడు మూడు నమూనాలు ఎంచుకుని, మూడింటి సర్వీసు కేంద్రాలకూ ఫోను చేసి బెల్టు, పంపు, తలుపు గడియల ధరలు, వచ్చే రోజులు పట్టికగా రాయండి. ఫోను ఎత్తనివారి పేరు ఎదురుగా సున్నా చుట్టండి. ఆ పట్టిక చేతిలో లేకుండా అయిదో పాఠం మొదలుపెట్టకండి, అందులో దుకాణానికి వెళుతున్నాం.