కొత్త పెట్టలు మచ్చికైన తీరు

పెందుర్తిలో మా పెరట్లోకి నాలుగు నాటు పెట్టల్ని తెచ్చి, మొదటిరోజే వదిలేశాను. అదే తప్పు. ఒకటి గోడెక్కి పక్కవాళ్ల మునగచెట్టు మీద కూర్చుంది. చీకటి పడ్డాక గానీ దొరకలేదు. కోళ్లకు చీకట్లో చూపు ఆనదు కదా.

మర్నాటి నుంచి వారంపాటు గూట్లోనే ఉంచాను, అదే తమ ఇల్లని తెలియాలని. రోజూ ఒకే వేళకి నూకలు, నీళ్లు. అయినా చెయ్యి పెడితే చాలు, మూలకి నక్కేవి. పైనుంచి వచ్చేది ఏదైనా వాటికి గద్దేనని మా అత్తయ్య చెప్పింది. అప్పుడు పీట వేసుకుని కూర్చుని, అరచేతిలో చోళ్లు పోసి నేలకి ఆనించాను. కదల్లేదు, పిలవలేదు. మూడోరోజు ఎర్రపెట్ట మెడ సాచి, నాలుగు గింజలు పొడుచుకుని పారిపోయింది. ముక్కుపోటు బాగానే తగిలింది!

ఇప్పుడు గేటు చప్పుడైతే పరిగెత్తుకొస్తాయి. మా ఆయన్ని చూస్తే మాత్రం ఇంకా టెన్షనే.