పాడేరు కొండల్లో మట్టిరోడ్ల మీద బండి: వెళ్లేముందు, వెళ్లాక

పాడేరు, అరకు, చింతపల్లి వైపు బండి మీద వెళ్లేవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. తారురోడ్డు వదిలి పక్కకి తిరిగేవాళ్లు మాత్రం తక్కువ. వంజంగిలో మబ్బులు, లంబసింగిలో చలి, బొర్రా గుహలు చూసుకుని సాయంత్రానికి ఘాట్ దిగిపోతారు. ఆ పక్కకి తిరిగిన మట్టిరోడ్డు చివర ఇరవై ముప్పై ఇళ్ల ఊళ్లుంటాయి, వాటి చుట్టూ కాఫీ తోటలు, మిరియాల తీగలు, చోడి (రాగి), సామ చేలు, పసుపు. ఆ ఊళ్లకి ఎలా వెళ్లాలో, వెళ్లాక ఎలా మసలుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందే ఒక మాట. రోజుకి ఒక్క ఊరే పెట్టుకోండి. నాలుగు ఊళ్లు ప్లాన్ చేసుకుంటే ఏదీ చూడరు, పైగా చివరి ఊరి నుంచి చీకట్లో తిరిగి రావాల్సి వస్తుంది, ప్రమాదమంతా అక్కడే.

మకాం పాడేరులోనో అరకులోనో పెట్టుకోండి. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పటి నుంచి పాడేరు జిల్లా కేంద్రం కాబట్టి లాడ్జి, పెట్రోలు బంకు, మెకానిక్, ఆసుపత్రి అన్నీ అక్కడ దొరుకుతాయి. విశాఖ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా ఘాట్ ఎక్కి వెళ్తే సుమారు 110 కిలోమీటర్లు. రాజమహేంద్రవరం నుంచి వచ్చే 516ఈ జాతీయ రహదారి చింతపల్లి, పాడేరు, అరకులని కలుపుతూ విజయనగరం వెళ్తుంది, దాని నుంచే లోపలి ఊళ్లకి దారులు చీలుతాయి. మొదటి రోజు ఘాట్ ఎక్కడంతోనే సరిపెట్టుకుని మట్టిరోడ్డు పని రెండో రోజు పొద్దున మొదలుపెట్టండి. ఘాట్ ఎక్కేసరికి చేతులు, నడుము అలిసిపోయి ఉంటాయి, ఆ అలసటతో ఎర్రమట్టి మీదకి వెళ్లకూడదు.

కాలం విషయానికొస్తే, అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా లోపలి మట్టిరోడ్లకి వెళ్లొద్దనే నా సలహా. ఇక్కడి ఎర్రమట్టి తడిస్తే టైరు గాళ్లలో నిండిపోయి చక్రం నున్నగా అయిపోతుంది, మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య ఇరుక్కుని చక్రమే తిరగదు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఎండగా ఉండి మధ్యాహ్నం మూడింటికి ఉరుములు, పిడుగులతో వాన పడుతుంది, వెళ్లేటప్పుడు పొడిగా ఉన్న దారే తిరిగి వచ్చేటప్పుడు బురదవుతుంది. డిసెంబరు, జనవరిలో పొగమంచు తొమ్మిది, పది దాకా విడవదు, సాయంత్రం ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. అంటే నికరంగా బండి నడపడానికి మీ చేతిలో ఉండేది ఏడెనిమిది గంటలు. మధ్యాహ్నం మూడు దాటాక కొత్త దారిలోకి తిరగొద్దు.

ఏ బండి అని చాలామంది అడుగుతారు. ఊళ్లవాళ్లు వాళ్ల స్ప్లెండర్ల మీదే బస్తాలు వేసుకుని ఎక్కుతున్నారు కాబట్టి మీ దగ్గరున్న బండితోనే వెళ్లొచ్చు. మట్టిరోడ్ల కోసమే చేసిన ఎక్స్‌పల్స్, హిమాలయన్ లాంటి బండ్లకి నేల నుంచి ఎత్తు 220, 230 మిల్లీమీటర్లు ఉంటుంది, స్ప్లెండర్‌కి 165, రాళ్ల మీద ఆ తేడా తెలుస్తుంది. అయితే హిమాలయన్ దాదాపు 200 కిలోలు, స్ప్లెండర్ 112. పడిపోతే ఒక్కరే లేపగలరా అన్నది ఎత్తు కంటే ముఖ్యం. ఒంటరిగా వెళ్తుంటే తేలిక బండి తీసుకోండి. ఇంకా మంచిది ఇద్దరు రెండు బండ్ల మీద వెళ్లడం. ఒక బండి ఆగిపోతే రెండోది మండల కేంద్రానికి వెళ్లి మెకానిక్‌ని తీసుకురాగలదు. బండి ఏదైనా టైర్ల గాళ్లు, బ్రేకు ప్యాడ్లు, చైన్ బిగువు ముందే చూపించండి. అరిగిన టైరుతో తారురోడ్డు మీద గడిచిపోతుందేమో కానీ ఇక్కడ గడవదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, దారి అడగడం. గూగుల్ మ్యాప్ ఈ కొండల్లో కాలిబాటని కూడా రోడ్డులాగే చూపిస్తుంది, కొత్తగా వేసిన రోడ్డుని చూపించదు. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, కానీ దాన్ని ఊళ్ల పేర్లు, దిక్కులు తెలుసుకోవడానికే వాడండి. దారి మాత్రం మనుషుల్నే అడగాలి. ఆటోవాళ్లు, సర్వీసు జీపు డ్రైవర్లు, సంతకి సరుకు తోలేవాళ్లు, ఆశా కార్యకర్తలు, మాస్టార్లు, వీళ్లు రోజూ ఆ దారుల్లోనే తిరుగుతారు. "ఎంత దూరం" అని అడగొద్దు, రోజూ నడిచేవాళ్లకి ఏ ఊరైనా దగ్గరే. "ఆటో వెళ్తుందా" అని అడగండి. వెళ్తుందంటే మీకు ఇబ్బంది లేదు. "ఆటో వెళ్లదు, జీపు వెళ్తుంది" అంటే ఎత్తుగా, రాళ్లతో ఉంటుందని అర్థం, అలవాటుంటే వెళ్లండి. "బండి ఒక్కటే వెళ్తుంది" అంటే కాస్త ఆగి, ఎవరి బండి, ఏ కాలంలో, ఎంత బరువుతో అని కూడా అడగండి, ఎందుకంటే ఆ మాట చెప్పేది ఆ దారిలో పుట్టి పెరిగినవాళ్లు. దాంతోపాటు "నిన్న వాన పడిందా, గెడ్డలో నీళ్లు ఎంతున్నాయి" అని అడగండి, గెడ్డంటే కొండవాగు. ఒకరు చెప్పింది సరిపోదు, దారిలో మరో ఇద్దరిని అడిగి సరిచూసుకోండి.

ఇంకో సంగతి, రోడ్డు పని జరుగుతున్న దారులు. ఆదివాసీల కోసం కేంద్రం తెచ్చిన పీఎం జన్‌మన్ లాంటి పథకాల కింద లోపలి ఊళ్లకి రోడ్లు పడుతున్నాయి, అది ఎంతో అవసరం, రోడ్డు లేక జబ్బు చేసినవాళ్లని, నిండు గర్భిణులని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లు ఇంకా ఉన్నాయి. కానీ కంకర పరిచి రోలర్ తిప్పని రోడ్డు బండికి మామూలు మట్టిరోడ్డు కంటే కష్టం. రాళ్లు కదులుతుంటాయి, ముందు చక్రం దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది. అక్కడ హ్యాండిల్‌ని బిగబట్టకుండా వదులుగా పట్టుకుని, రెండో గేర్లో ఒకే వేగంతో పోనివ్వండి. జేసీబీతో కొత్తగా కోసిన దారిలో లోయ వైపు అంచు మెత్తగా ఉంటుంది, బండి ఎప్పుడూ కొండ వైపే ఉంచండి.

నడిపే తీరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. గతుకులు వచ్చినప్పుడు సీటు మీద నుంచి లేచి ఫుట్‌రెస్టుల మీద నిలబడండి, మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి, చూపు ముందు చక్రం మీద కాకుండా ఇరవై అడుగుల ముందుకి పెట్టండి. గుంటనే చూస్తూ వెళ్తే బండి ఆ గుంటలోకే వెళ్తుంది. ఎక్కుడులో ముందే గేరు తగ్గించుకుని మధ్యలో మార్చకుండా ఎక్కేయాలి. మధ్యలో ఆగిపోతే కంగారుపడి కాళ్లతో ఆపాలని చూడొద్దు, ముందు బ్రేకు పట్టుకుని బండి గేర్లో ఉండగానే ఇంజిన్ ఆపేయండి. వెనక చక్రం పట్టుకుంటుంది. ఆ తర్వాత క్లచ్ కొద్దికొద్దిగా నొక్కుతూ వదులుతూ బండిని వెనక్కి దించుకుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. దిగుడులో మొదటి గేరు, క్లచ్ మీద చెయ్యి వేయకూడదు, ఇంజినే బండిని ఆపుతూ ఉంటుంది. వెనక బ్రేకు మెల్లగా, ముందు బ్రేకు వేలితో తాకినట్టు మాత్రమే. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండి అయితే వదులు మట్టి మీద ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది, వెనక చక్రానికి ఏబీఎస్ ఆపేసే వీలుంటే దిగుడుకి ముందే ఆపేసుకోండి. టైరులో గాలి మామూలు కంటే నాలుగైదు పాయింట్లు తగ్గిస్తే పట్టు పెరుగుతుంది. అంతకంటే తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు నలిగి పంచరవుతుంది.

గెడ్డ దాటేటప్పుడు ముందు మీరు నడిచి దాటండి. అడుగున రాళ్లున్నాయా, ఇసుకా, నీళ్లు ఎంతవరకు వస్తున్నాయి చూడండి. మోకాలు దాటితే వద్దు. పారుడు మీ కాళ్లని లాగుతోందంటే లోతు తక్కువైనా వద్దు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తున్నా గెడ్డ ఒక్కసారిగా పొంగుతుంది, నీళ్లు ఎర్రగా మారడం, ఆకులూ పుల్లలూ కొట్టుకురావడం దాని గుర్తు. అలా ఉంటే ఒడ్డున కూర్చోండి, వాన తగ్గితే కొన్ని గంటల్లో తీస్తుంది. దాటొచ్చు అనుకుంటే మొదటి గేరు, ఆపకుండా ఒకే యాక్సిలరేటర్, చూపు అవతలి ఒడ్డు మీద. నమ్మకం లేకపోతే దిగి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, నీళ్లు వచ్చే వైపు మీరు నిలబడి బండిని నడిపించుకుంటూ వెళ్లండి, పడినా బండి మీ మీద పడదు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే అక్కడే సెల్ఫ్ కొట్టొద్దు. బయటికి తోసి, ఎయిర్ ఫిల్టర్‌లో నీళ్లు చేరాయేమో చూశాకే స్టార్ట్ చేయాలి. దాటాక బ్రేకులు రెండుమూడు సార్లు నొక్కి ఆరబెట్టుకోండి.

ఊరు దగ్గర పడగానే వేగం నడకకి దించండి. చోడి, పసుపు, మిరియాలు, కాఫీ గింజలు రోడ్డు మీదే ఆరబోస్తారు. అది ఆ ఇంటి ఏడాది సంపాదన, దాని మీద నుంచి బండి పోనివ్వొద్దు, దిగి పక్కనుంచి తోసుకెళ్లండి. కోడి అడ్డొచ్చి చక్రం కింద పడితే ఆగి, ఎవరిదో అడిగి, డబ్బులిచ్చి వెళ్లండి. బండిని ఊరి మొదట్లోనే ఆపి నడుచుకుంటూ లోపలికి వెళ్లండి. ఊరి మధ్యలోనో చెట్టు కిందో నిలబెట్టిన రాళ్లుంటే అవి దేవతలు కావచ్చు, వాటి మీద కూర్చోవడం, బండి ఆనించడం చేయొద్దు. ఎదురైన పెద్దవాళ్లకి దండం పెట్టి, ఎవరు, ఎక్కణ్నుంచి, ఎందుకొచ్చారో మీరే ముందు చెప్పండి. కొత్త మనిషి ఊళ్లోకి వస్తే ఆ ప్రశ్నలు వాళ్ల మనసులో ఉంటాయి కదా. కొన్ని ఊళ్లలో కువి, కొన్నిచోట్ల ఆదివాసీ ఒడియా మాట్లాడతారు, తెలుగు వచ్చినా ముసలివాళ్లకి మన వేగం అందదు, నెమ్మదిగా మాట్లాడండి. ఎవరినీ ఏకవచనంతో పిలవకండి. పట్నం నుంచి వెళ్లినవాళ్లు తాత వయసు మనిషిని కూడా "ఏరా" అనడం చూస్తుంటాం, చాలా బాధ కలుగుతుంది.

ఫోటోలు అడిగి తీయండి, వద్దంటే కెమెరా లోపల పెట్టేయండి. వీపు మీద బిడ్డని కట్టుకుని నీళ్లు తెస్తున్న అమ్మని ఆపి ఫోటోకి నిలబడమనడం మర్యాద కాదు. పిల్లలకి చాక్లెట్లు, డబ్బులు పంచడం నాకు నచ్చదు, తర్వాత వచ్చే ప్రతి బండి వెనకా వాళ్లు పరిగెత్తాల్సి వస్తుంది. ఏమైనా చేయాలనుంటే ఊళ్లో పండింది కొనండి. రాజ్మా, పసుపు, మిరియాలు, తేనె, వాళ్లు చెప్పిన ధరకి. వలిస పూల చేను పసుపుగా కనిపిస్తుంది, నవంబరులో దాని కోసమే జనం వస్తారు, ఫోటో కోసం చేలోకి దిగితే నూనెగింజల పంట పాడవుతుంది, గట్టు మీద నుంచే తీసుకోండి. ఊరు చూడటానికి ఇంకో మంచి దారి సంత. అరకులో శుక్రవారం సంత. మండలానికొక రోజు ఉంటుంది, ఆ రోజు పొద్దున్నే వెళ్తే చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా అక్కడే కలుస్తారు, ఏ దారి ఎలా ఉందో కూడా తెలిసిపోతుంది. మార్చి, ఏప్రిల్‌లో ఆదివాసీల ఇటుకల పండగ రోజుల్లో దారికి అడ్డంగా కర్ర పెట్టి ఆడవాళ్లు, పిల్లలు పండగ డబ్బులు అడుగుతారు. అది వాళ్ల ఆచారం, పది ఇరవై రూపాయల నోట్లు జేబులో ఉంచుకుని సంతోషంగా ఇచ్చి వెళ్లండి. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచేయదు కాబట్టి చిల్లర ఎప్పుడూ ఉండాలి.

జీలుగు కల్లు ఇస్తారు. తాగాలనుంటే ఆ రోజు అక్కడే ఉండిపోయేటప్పుడు తాగండి, తాగి బండి ఎక్కొద్దు. ఉండిపోవాలంటే చీకటి పడకముందే ఊరి పెద్దనో సర్పంచునో అడిగి, వాళ్లు చూపించిన చోటే పడుకోండి. వండి పెట్టినవాళ్లకి డబ్బులు వద్దన్నా ఇవ్వండి. చోడి అంబలి, సామ అన్నం పెడితే వంకలు పెట్టకుండా తినండి. ఊట నీళ్లు చూడటానికి శుభ్రంగానే ఉంటాయి కానీ అలవాటు లేనివాళ్లు కాచుకుని తాగాలి.

ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. ఎవరైనా సంచి ఇచ్చి "కింద మావాళ్లకి అందించండి" అంటే తీసుకోవద్దు, తెలియని మనిషికి సామానుతో లిఫ్ట్ ఇవ్వొద్దు. ఈ కొండల దారుల్లో గంజాయి రవాణా మీద తనిఖీలు గట్టిగా ఉంటాయి, మీ బండి మీద దొరికితే మీ మీదే కేసు. ఒడిశా సరిహద్దు వైపు పోలీసులు ఆపి అడుగుతారు, లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు కాగితం మీద ఉంచుకోండి, సిగ్నల్ లేనిచోట డిజిలాకర్ తెరుచుకోకపోవచ్చు. ఎక్కడికి వెళ్తున్నారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఈ దారి బాలేదని వాళ్లు వెనక్కి పొమ్మంటే వాదించకుండా తిరిగొచ్చేయండి. లాడ్జిలో కూడా ఏ ఊరు వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో చెప్పి వెళ్లడం అలవాటు చేసుకోండి.

సామాను తక్కువే ఉండాలి కానీ ఇవి తప్పనిసరి: ట్యూబు, చేతిపంపు, పంచరు కిట్టు, క్లచ్ కేబుల్, స్పార్క్ ప్లగ్, బ్రేకు లీవర్, చైన్ లింకు, తాడు, ఎం-సీల్, టార్చిలైటు, ఓఆర్ఎస్, కట్టు కట్టే సామాను. రాయి తగిలి ఇంజిన్ అడుగు చిట్లితే ఎం-సీల్ పెట్టి మండల కేంద్రం దాకా రావొచ్చు. హెల్మెట్, మోకాలి గార్డులు, చీలమండ దాటే బూట్లు వేసుకోండి, చెప్పులతో వెళ్లేవాళ్లకి ముందు దెబ్బ తగిలేది పాదానికే. పెట్రోలు పాడేరు, అరకు, చింతపల్లిలో నింపుకున్నాకే లోపలికి తిరగండి. ఊళ్లలో సీసాల్లో అమ్ముతారు, అవసరానికి పనికొస్తుంది కానీ దాన్ని నమ్ముకుని బయల్దేరకండి.

తిరిగొచ్చాక టైర్లలో గాలి మళ్లీ మామూలుకి ఎక్కించుకుని, స్పోకులు వదులయ్యాయా, బ్రేకులు సరిగా పడుతున్నాయా చూసుకున్నాకే ఘాట్ దిగండి. ఇంటికెళ్లాక చైన్ కడిగి ఆయిల్ వేయండి, ఎయిర్ ఫిల్టర్ దులపండి, ఎర్రధూళి అందులో గట్టిగా పడుతుంది. ఏజెన్సీలో మలేరియా ఉంది కాబట్టి ఊళ్లో పడుకునే రాత్రి దోమతెర కట్టుకోండి, వచ్చాక రెండుమూడు వారాల్లో జ్వరం వస్తే మాత్ర వేసుకుని ఊరుకోకుండా రక్తపరీక్ష చేయించండి, పాడేరు వైపు వెళ్లొచ్చామని డాక్టరుకి మీరే చెప్పండి.