పాత గ్యారేజ్ డోర్‌కి రిమోట్ పెట్టడం ఎలా?

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది పడే అవస్థ ఇది. గ్యారేజ్ మోటారు బ్రహ్మాండంగా తిరుగుతుంది, రిమోట్ మాత్రం ఉండదు. మోటారు మార్చేయమని సలహా ఇచ్చేవాళ్ల మాట వెంటనే వినేయకండి. యూనివర్సల్ రిసీవర్ కిట్ తెచ్చుకుంటే అందులోనే రిసీవర్ (రిమోట్ సిగ్నల్ అందుకునే చిన్న పెట్టె), రిమోట్, ప్లగ్గులో పెట్టే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటాయి. మీవంతు నిచ్చెన, స్క్రూడ్రైవర్, కాస్త బెల్ వైరు (కాలింగ్ బెల్‌కి వాడే సన్న వైరు).

తలుపుకి రెండు పక్కలా, నేలకి 6 అంగుళాల లోపు ఎత్తులో, ఏదైనా అడ్డొస్తే మూసుకునే తలుపుని వెనక్కి తిప్పే సెన్సర్లు ఉన్నాయో లేదో ముందు చూడండి. 1993 జనవరి 1 నుంచి అక్కడ తయారయ్యే ఓపెనర్లకి (తలుపు తెరిచే మోటార్లకి) ఇలాంటి రక్షణ తప్పనిసరి. అది లేని మోటారుకి రిమోట్ పెట్టనే కూడదు, మార్చాల్సిందే. గోడ బటన్ నొక్కేటప్పుడు తలుపు కళ్లెదుటే ఉంటుంది. రిమోట్ కారులోంచి నొక్కుతాం, తలుపు కింద పసిపిల్ల కూర్చున్నా కనబడదు.

గోడ బటన్ నుంచి వచ్చే రెండు వైర్లు మోటారు వెనక ఏ స్క్రూలకి బిగించారో వెతకండి. వైరు ముక్కతో ఆ రెండు స్క్రూలనీ క్షణంపాటు కలపండి. తలుపు కదిలిందా, పని సగం అయినట్టే. కదలకపోతే అక్కడే ఆగిపోండి.

ఇక్కడి నుంచి తొందరపడొద్దు. మోటారు ప్లగ్గు తీసేయండి. రిసీవర్‌కి నాలుగు వైర్లుంటాయి. రెండు దానికి కరెంటు ఇచ్చేవి, రెండు స్విచ్చుగా పనిచేసేవి. మోటారు స్క్రూలకి వెళ్లాల్సింది స్విచ్చు జత మాత్రమే. అది కూడా గోడ బటన్ వైర్లు తీయకుండా, వాటితోపాటే బిగించాలి. కరెంటు జత పొరపాటున అక్కడ తగిలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు మోటారు బోర్డులోకి పోతుంది. ఓ మిత్రుడు రంగులు చూసి బిగించి బోర్డు కాల్చుకున్నాడు. పచ్చటి ప్లాస్టిక్ మీద గోరంత నల్ల మచ్చ, అంతే, మోటారు చచ్చింది. రంగు నమ్మకండి. కిట్ కాగితంలోని బొమ్మ చూడండి, వైరు మీద పెన్నుతో గుర్తు పెట్టుకోండి, బిగించాక మళ్లీ సరిచూడండి. సెన్సర్ల స్క్రూలు కూడా ఆ పక్కనే ఉంటాయి, వాటి జోలికి పోకండి. రిసీవర్‌లో పల్స్ (బటన్ నొక్కి వదిలినట్టు క్షణంపాటే కలిపే) ఎంపిక ఉంటే అదే పెట్టాలి.

రిసీవర్‌ని మోటారు పక్కనే పెట్టాలి, గోడ బటన్ దగ్గర కాదు. యాంటెన్నా తోకని చుట్టకండి, కత్తిరించకండి, వేలాడనివ్వండి. తలుపు దగ్గరికొస్తే గాని రిమోట్ పనిచేయకపోతే ఓపెనర్‌లోని ఎల్ఈడీ బల్బు తీసి చూడండి. చాలాసార్లు దొంగ అదే. రిమోట్ కూడా రోలింగ్ కోడ్‌దే, అంటే నొక్కిన ప్రతిసారీ కోడ్ మారేదే కొనండి. 8 చిన్న స్విచ్చులుండే పాత రకంలో మొత్తం కోడ్‌లు 256 మాత్రమే.

చివరగా టూ-బై-ఫోర్ చెక్కని (అంగుళంన్నర మందం ఉండే చెక్క) తలుపు కింద బల్లపరుపుగా పడేసి, రిమోట్‌తో తలుపు మూయండి. చెక్క తగిలిన 2 సెకన్లలో తలుపు తిరిగి పైకి లేవాలి. లేవలేదంటే మోటారు బలం సరిచేయించేదాకా ఆ రిమోట్ కారులో పెట్టకండి.