డైరెక్ట్ ఇంజెక్షన్ కారు ఆయిల్ తాగుతోందా? ఇంజిన్ దింపే ముందు పీసీవీ చూడండి

సమస్య

పొద్దున్న మొదటి స్టార్టులో ఇంజిన్ వణుకుతుంది, కాసేపు మిస్ కొట్టి సర్దుకుంటుంది. పికప్ మందగిస్తుంది. సర్వీసుకీ సర్వీసుకీ మధ్య ఆయిల్ గేజ్ (డిప్‌స్టిక్) కింది గీత దాకా దిగిపోతుంది, నేల మీద మాత్రం చుక్క కనిపించదు. జీడీఐ, టీఎస్ఐ పేర్లతో వచ్చే టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు బళ్లలో ఇవి తరచూ కలిసే వస్తాయి. సిక్కోలులోనైనా విజయనగరంలోనైనా షెడ్డులో ముందు వినిపించే మాట "రింగులు పోయాయి, ఇంజిన్ దింపాలి". దానికి ఒప్పుకునే ముందు పీసీవీకి (ఇంజిన్ లోపలి గ్యాస్‌ని తిరిగి గాలి దారిలోకి పంపే వాల్వు) పది నిమిషాల పరీక్ష ఒకటుంది. దాన్నే అందరూ వదిలేస్తున్నారు.

ముందు లెక్క తేల్చండి

బండి చదునైన చోట పెట్టి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి గేజ్ చూడండి. చాలా కార్లలో రెండు గీతల మధ్య దాదాపు లీటరు పడుతుంది. పై గీత దాకా పోసి కిలోమీటర్లు రాసుకోండి. 1000 కి.మీ. తిరిగాక అదే చోట మళ్లీ చూసి, 300 మి.లీ. దాటి తగ్గితే వెతకడం మొదలుపెట్టండి. "ఎలాగూ తాగుతోంది కదా" అని గీత దాటించి పోయకండి. క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, ఆ తుంపర ఇంకా ఎక్కువగా ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్‌లోకి గాలి పోయే దారి) పోతుంది. ఫిల్టరు, డ్రెయిన్ బోల్టు, ట్యాపెట్ కవర్ అంచుల దగ్గర తడి ఉందేమో కూడా చూడండి.

అసలు కారణం

పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత గ్యాస్ ఎప్పుడూ ఆయిల్ ఉండే భాగంలోకి దిగుతూనే ఉంటుంది. దాన్ని మళ్లీ ఇన్‌టేక్‌లోకి పంపి కాల్చేసే ఏర్పాటే పీసీవీ. చాలా ఇంజిన్లలో ఇది ట్యాపెట్ కవర్‌లోనే ఉంటుంది, లోపల పల్చటి రబ్బరు డయాఫ్రం. ఐడిలింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసుకుని ఉంటుంది కాబట్టి మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) గట్టిగా లాగుతుంది. ఆ లాగుడుని అదుపులో పెట్టేది ఆ రబ్బరే. వేడికి అది బిరుసెక్కి చిరిగితే ఆయిల్ తుంపర నేరుగా మానిఫోల్డ్‌లోకి పోతుంది.

పాత తరహా ఇంజెక్షన్‌లో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల మీద పడి వాటిని కడిగేది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో పెట్రోలు సిలిండర్లోకే కొడుతుంది. దాంతో వాల్వు వెనక పడ్డ ఆయిల్ అక్కడే మాడి, నల్లటి పెచ్చుగా గట్టిపడుతుంది. ఆయిల్ తగ్గడం, కార్బన్ పట్టడం వేర్వేరు రోగాలు కావన్నమాట.

ఇది దొరక్కుండా తప్పించుకోవడానికి కారణాలున్నాయి. కంప్రెషన్ బాగానే ఉంటుంది. పొగ పెద్దగా కనిపించదు. స్కానర్‌లో పీ0171 (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) లేదా పీ0300 (మిస్ కొట్టడం) కోడు వస్తుంది, షెడ్డువాళ్లు ప్లగ్గులు, కాయిల్స్ మార్చి పంపేస్తారు. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) పైపు విప్పి ఆయిల్ కనిపిస్తే టర్బో పోయిందంటారు. ఆ ఆయిల్ చాలాసార్లు బ్రీదర్ పైపులోంచి (ఇంజిన్ లోపలి గ్యాస్‌ని ఇన్‌టేక్‌కి చేర్చే గొట్టం) వచ్చిందే.

పరీక్ష ఇలా: ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఉంచి ఆయిల్ మూత తీయండి, బెల్టు దగ్గరికి చెయ్యి పోనివ్వకండి. మూత ఊడి రాకుండా పట్టేసినా, కవర్ దగ్గర ఈల చప్పుడు వచ్చి మూత తీయగానే ఆగినా డయాఫ్రం చిరిగిందనే అనుమానించాలి. తర్వాత ఆ రంధ్రం మీద పల్చటి పాలిథిన్ కవర్ పరిచి అంచులు పట్టుకోండి. మెల్లగా లోపలికి గుంట పడితే మంచిదే. గట్టిగా లాగేసుకుంటే డయాఫ్రం. పైకి ఉబ్బితే పీసీవీ దారి మూసుకుపోయింది, లేదా రింగులు గ్యాస్ వదులుతున్నాయి. లాగుడు మోడల్‌ని బట్టి మారుతుంది, కాబట్టి అదే మోడల్ మంచి బండి దొరికితే దానిమీదా చేసి పోల్చండి.

పరిష్కారం

పీసీవీ కొత్తది వేయండి, కవర్‌తో కలిసే వస్తే కవర్ మొత్తం మార్చండి. బ్రీదర్ పైపులు వంచి చూసి పగుళ్లుంటే అవి కూడా. ఇంటర్‌కూలర్ కింది పైపు విప్పి నిలిచిన ఆయిల్ వంపేయాలి. పల్చటి జిడ్డు మామూలే, మడుగు కట్టకూడదు. ఇది చేయకపోతే పాత ఆయిలే కొన్నాళ్లు కాలుతూ పొగ వస్తుంది, పార్టు పనిచేయలేదని మీరు పొరపడతారు.

కార్బన్ పని ఆ తర్వాతే. ట్యాంకులో పోసే క్లీనరు ఇన్‌టేక్ వాల్వు దాకా రాదు, దానికి డబ్బు పెట్టొద్దు. మానిఫోల్డ్ విప్పి, క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ ఆ సిలిండరు ఇన్‌టేక్ వాల్వులు రెండూ పూర్తిగా మూసుకున్నాకే అక్రోటు పెంకు పొడితో బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో పొడి కొట్టి శుభ్రం చేయడం) చేయించండి. మిగతా రంధ్రాలు మూసి ఉంచాలి, పొడి మొత్తం వాక్యూమ్‌తో లాగేయాలి. ఆ మిషన్ దొరకకపోతే మూసిన వాల్వు మీద ఇన్‌టేక్ క్లీనరు పోసి అరగంట నాననిచ్చి, నైలాన్ బ్రష్‌తో రుద్ది పీల్చేయండి. రెండు మూడు విడతలు పడుతుంది. స్క్రూడ్రైవర్‌తో గీకొద్దు. బిగించేటప్పుడు మానిఫోల్డ్ గాస్కెట్ కొత్తది, క్లీనరు వాడితే ఇంజిన్ ఆయిల్ కూడా కొత్తది.

పీసీవీ బాగున్నా ఆయిల్ తగ్గుతుంటే అప్పుడు లీక్‌డౌన్ పరీక్ష (సిలిండర్లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూడడం), రింగుల మాట. అనంతగిరి ఘాట్ గేరులో దిగి, కింద యాక్సిలరేటర్ తొక్కగానే నీలం పొగ వస్తే వాల్వు సీళ్లు. టర్బో సీలు పోవడం అరుదు.

సిక్కోలు ఏడురోడ్ల జంక్షన్ చుట్టూ నాలుగైదు కిలోమీటర్లు తిరిగే బండికి ఆయిల్ సరిగ్గా వేడెక్కదు, అందులో పెట్రోలు, నీటి తేమ మిగిలిపోతాయి. వారానికోసారి రణస్థలం వైపు హైవే మీద అరగంట నడిపితే అవి ఆవిరైపోతాయి. పట్టిన కార్బన్ మాత్రం దానితో ఊడదు. ఇలాంటి బండికి ఆయిల్ 7500 కి.మీ.కే మార్చండి, అన్ని కిలోమీటర్లు తిరగకపోయినా ఏడాదికోసారి. మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయండి. తాగుడు తగ్గుతుందని 20డబ్ల్యూ-50 లాంటి చిక్కటి ఆయిల్ పోస్తే సన్నటి ఆయిల్ దారులున్న ఈ ఇంజిన్లలో స్టార్టు చేసిన వెంటనే టర్బోకి ఆయిల్ ఆలస్యంగా అందుతుంది.